లేబర్ షెడ్లలో నీళ్ల మీద స్టూడెంట్ ప్రాజెక్ట్: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది వదిలేయాలి

మిగతా వాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను. మీరు వైట్‌ఫీల్డ్ వైపు ఇంజనీరింగ్ కాలేజీలో మూడో సెమిస్టర్ చదువుతున్న అయిదుగురు తెలుగు విద్యార్థులు. పన్నెండు వారాల్లో ఒక ప్రాజెక్ట్ చేయాలి. అందులో కొంత పరిశోధన, కొంత సమాజ సేవ ఉండాలని కాలేజీ నిబంధన. మీరు అనుకున్న టాపిక్ "బెంగళూరు నీటి సమస్యకు స్మార్ట్ పరిష్కారం". ట్యాంకుల్లో సెన్సర్లు, ఒక మొబైల్ యాప్, చివరి వారం దగ్గర్లోని లేబర్ షెడ్లలో (వలస కూలీలు ఉండే తాత్కాలిక ఇళ్లలో) వాటర్ ఫిల్టర్లు పంచడం. గైడ్ "స్కోప్ తగ్గించండి" అని వదిలేశారు. ఎలా తగ్గించాలి, పర్మిషన్ ఎవరిని అడగాలి, ఎన్ని ఇళ్లు సర్వే చేయాలి అని అడిగారు.

బెంగళూరులో విద్యార్థుల ఫీల్డ్ ప్రాజెక్టులతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. నేను ప్రతి బ్యాచ్‌నీ మొదట అడిగేది ఒకటే: మీరు కనుక్కోబోయే సమాధానం ఎవరి చేతిలో పెడతారు? ఆ సమాధానంతో మర్నాడు ఏదైనా చేయగలిగిన మనిషి ఒకరు కనిపించాలి. షెడ్డులో నీళ్లు పట్టుకునే అక్క కావచ్చు, సంపు కడిగించాల్సిన కాంట్రాక్టరు కావచ్చు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు కావచ్చు. ఆ మనిషి ఎవరో తేలితే స్కోప్ దానంతట అదే తగ్గుతుంది. తేలకపోతే ఎంత తగ్గించినా అది బైండింగ్ చేయించిన రిపోర్టుగానే మిగిలిపోతుంది.

"బెంగళూరు నీటి సమస్య" అన్న మాట ఎవరి చేతిలోనూ పెట్టలేం. ఈ నగరం సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. కావేరి నీళ్లు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపు చేసి ఎక్కించాలి. 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం కావేరి ఐదో దశ 2024 అక్టోబరులో మొదలైంది. దాని సామర్థ్యం రోజుకు 77.5 కోట్ల లీటర్లు. మీ కాలేజీ చుట్టుపక్కల ప్రాంతాలు కూడా చాలావరకు అలా కలిసినవే. కానీ లేబర్ షెడ్లు తాత్కాలికం. చాలాచోట్ల వాటికి సొంత కనెక్షన్ ఉండదు. బోరు, ట్యాంకరు, సంపు, డ్రమ్ము, క్యాను, వీటి మీదే బతుకుతారు. కాబట్టి నగరాన్ని వదిలేసి మీ గేటుకి దగ్గర్లో ఉన్న ఒక్క షెడ్ల గుంపుని తీసుకోండి, నడిచి వెళ్లగలిగినంత దూరంలో. బస్సెక్కి వెళ్లాల్సిన చోటైతే ఇంటర్నల్స్ (కాలేజీ పరీక్షలు) వచ్చిన వారమే మీ రాకపోకలు ఆగిపోతాయి.

సెన్సర్, యాప్ వదిలేయమని నా సలహా. ఇంజనీరింగ్ విద్యార్థులకి ఇది బాధగా ఉంటుందని తెలుసు. సెన్సర్ బ్యాటరీ మీరు వెళ్లాక ఎవరు మారుస్తారు? "ట్యాంకు ఖాళీ" అని ఫోన్‌కి మెసేజ్ వస్తే ఎవరు ట్యాంకరు తెప్పిస్తారు? ట్యాంకు ఖాళీ అని అక్కడి ఆడవాళ్లకి మెసేజ్ కన్నా ముందే తెలుసు. వాళ్లకి తెలియనిదీ, తెలిస్తే పనికొచ్చేదీ ఏదో అది వెతకండి.

నా దృష్టిలో అలాంటి ప్రశ్న ఒకటుంది. ఈ షెడ్లలో తాగే నీళ్లు ఎక్కడ పాడవుతున్నాయి? వచ్చేటప్పుడే పాడై వస్తున్నాయా, సంపులోనా, ఇంట్లో బిందెలోనా? మూలం దగ్గర బాగున్న నీళ్లు ఇంట్లో నిల్వ చేసేసరికి కలుషితం కావడం చాలా దేశాల్లో చూసిన విషయమే. మీ షెడ్లలో అలా జరుగుతోందా లేదా అన్నది మాత్రం ఎవరూ చూసి ఉండరు. దీనికి జవాబు దొరికితే బాధ్యత ఎవరిదో కూడా తెలుస్తుంది. సంపులో అయితే కాంట్రాక్టరుది. బిందెలో అయితే మూత, గరిటె, చేతులు కడుక్కోవడం, ఇవన్నీ ఇంట్లో మార్చుకోగలిగినవి. అప్పుడు పరిశోధన వేరు, సేవ వేరు అని రెండు ముక్కలుగా చేయాల్సిన అవసరం ఉండదు.

మీలో ఎవరికైనా లెక్కలంటే ఇష్టమైతే ధర మీద ఇంకో ప్రశ్న ఉంది. 2024 మార్చిలో బెంగళూరు జిల్లా యంత్రాంగం ట్యాంకర్ల రేట్లు కట్టడి చేసింది. 12,000 లీటర్ల ట్యాంకరుకి 5 కిలోమీటర్ల లోపు 1,000 రూపాయలు, 10 కిలోమీటర్ల లోపు 1,200, జీఎస్టీ అదనం. వెయ్యి రూపాయల చొప్పున చూస్తే వెయ్యి లీటర్లకు సుమారు 83 రూపాయలు. అదే 20 లీటర్ల క్యాను 40 రూపాయలకు కొనే ఇంట్లో వెయ్యి లీటర్లకు 2,000 పడుతుంది. మీ షెడ్లలో ఏ కుటుంబం దేనికి ఎంత పెడుతోందో రాసి చూపిస్తే అది మంచి అధ్యయనమే. కానీ పన్నెండు వారాల్లో రెండూ చేయలేరు. ఒకటి ఎంచుకోండి. నేనైతే మొదటిదే ఎంచుకుంటాను.

అయితే ఎంచుకునే ముందు రెండు వారాలు ఊరికే వెళ్లి వినండి. ప్రశ్నపత్రం లేకుండా, ఫోన్ బయటికి తీయకుండా. ఆదివారం మధ్యాహ్నం మంచి సమయం. ఆ రోజు బట్టలు ఉతుక్కుంటారు, సంతకి వెళ్లొస్తారు, పిల్లలు ఇంటి దగ్గరే ఉంటారు. మామూలు రోజుల్లో పొద్దున్నే పనికి పోయి చీకటి పడ్డాక వస్తారు. అప్పుడు వంట చేసుకునే మనిషిని నిలబెట్టి ముప్పై ప్రశ్నలు అడగడం తప్పు.

వింటున్నప్పుడు నీళ్ల మాట అసలు రాకపోవచ్చు. అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి వచ్చినవాళ్లు "మా రేషన్ ఊళ్లోనే ఉండిపోయింది" అంటారు. దానికి సిద్ధంగా ఉండండి. వన్ నేషన్ వన్ రేషన్ కార్డు కింద జాతీయ ఆహార భద్రతా చట్టం కార్డు ఉన్నవాళ్లు, ఆధార్ అనుసంధానం అయి ఉంటే, బెంగళూరు రేషన్ షాపులో వేలిముద్ర వేసి కేంద్రం కోటా తీసుకోవచ్చు. సొంత రాష్ట్రం అదనంగా ఇచ్చే సరుకులు మాత్రం ఇక్కడ రావు. అలాగే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో 18 నుంచి 60 ఏళ్ల వాళ్లు, గడిచిన 12 నెలల్లో 90 రోజులు పనిచేసి ఉంటే నమోదు కావచ్చు. ఈ రెండూ తెలియని కుటుంబాలు చాలా ఉంటాయి. ఎక్కువమంది దీని గురించే అడిగితే మీ ప్రాజెక్టే మార్చుకోండి. "రేషన్ పోర్టబిలిటీ తెలిసీ వాడుకోలేకపోతున్నవాళ్లకి ఎక్కడ ఆగిపోతోంది" అన్నది కూడా గట్టి పరిశోధన ప్రశ్నే. గైడ్‌కి ఇచ్చిన సినాప్సిస్ (ప్రాజెక్ట్ సారాంశం) మారుతుందని టెన్షన్ పడొద్దు. ఫీల్డ్‌లో విన్నదాన్ని బట్టి మారిందని రాస్తే ఏ గైడూ కాదనరు.

ఇక పర్మిషన్. మూడు చోట్ల అడగాలి. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసరు గానీ, హెచ్‌ఓడీ (మీ విభాగాధిపతి) గానీ సంతకం చేసిన లెటరు తీసుకోండి. అందులో మీ పేర్లు, ప్రాజెక్ట్ ఉద్దేశం, ఫిర్యాదు చేయాల్సి వస్తే ఎవరికి చేయాలో ఉండాలి. కన్నడలో, తెలుగులో రెండు ప్రతులు. దాంతో స్థలం ఓనరునో, కాంట్రాక్టరునో కలవండి. వాళ్ల మొదటి అనుమానం "పేపర్లో వేస్తారా" అనే. వేయం, ముందు మీకే చూపిస్తాం, సంపు బాగు చేయడానికి పనికొస్తుంది అని సూటిగా చెప్పండి. ఆ మాట నిలబెట్టుకోండి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ప్రతి ఇంటి వాళ్ల ఒప్పుకోలు. మేస్త్రీ ఒప్పుకుంటే షెడ్లన్నీ ఒప్పుకున్నట్టు అనుకునే విద్యార్థులు చాలామంది. మేస్త్రీ పక్కన నిలబడి ఉంటే ఎవరైనా "నీళ్లు బాగుంటాయి సార్" అనే అంటారు. వర్తూరు వైపు ఒక షెడ్ల గుంపులో అలా అన్న ఆవిడే, మేస్త్రీ ఫోన్ మాట్లాడటానికి పక్కకి వెళ్లగానే, డ్రమ్ము మూత తీసి నాకు లోపలి నాచు చూపించింది. అతన్ని మర్యాదగా దూరం పెట్టే పని మీలో ఒకరికి అప్పగించండి. టీకి తీసుకెళ్లినా సరే.

ఒప్పుకోలు అంటే సంతకాల కాగితం అనుకోవద్దు. చదవడం రాని మనిషి చేత అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే వాళ్లకి భయం పుడుతుంది. నోటితో చెప్పండి: మేము ఫలానా కాలేజీ వాళ్లం, నీళ్లు పరీక్ష చేస్తాం, ఇష్టం లేకపోతే వద్దనొచ్చు, మధ్యలో ఆపేయొచ్చు, దీనివల్ల డబ్బు గానీ ఇల్లు గానీ రాదు. ఈ చివరి మాట తప్పకుండా చెప్పాలి. సర్వే అనగానే ఏదో పథకం వస్తుందని ఆశపడతారు. ఆ ఆశ మీద జవాబులు రాబట్టుకోకూడదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని అడగాలంటే తల్లిదండ్రుల అనుమతి, ఆ పిల్లల ఇష్టం రెండూ కావాలి. పిల్లల ఫొటోలు వద్దు.

పేరు, ఫోన్ నంబరు, ఆధార్, సొంతూరు, ఇవేవీ ఫారంలో పెట్టకండి. ఇంటికి ఒక నంబరు ఇవ్వండి, అది చాలు. ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, 2020 జనవరిలో బెళ్లందూరు దగ్గర కరియమ్మన అగ్రహారలో షెడ్లు కూల్చేశారు. అక్కడున్నవాళ్లు అక్రమంగా వచ్చిన విదేశీయులని ఒక వీడియో తిరిగాక అది జరిగింది. నిలువ నీడ పోగొట్టుకున్నవాళ్లలో ఉత్తర కర్ణాటక కూలీలు కూడా ఉన్నారు. తర్వాత హైకోర్టు జోక్యం చేసుకుంది. ఎవరు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడ ఉంటున్నారన్న జాబితా చెడ్డ చేతుల్లో పడితే ఏమవుతుందో దీన్ని బట్టి చూడండి. గూగుల్ ఫారంలో నింపి లింకు గ్రూపులో తిప్పే అలవాటు కూడా మానేయండి. కాగితం మీద రాసి, ఒక్కరి లాప్‌టాప్‌లోనే ఎక్సెల్‌లో ఎక్కించండి. ఫొటో తీస్తే ట్యాంకుది, బిందెది తీయండి. లొకేషన్ ఆఫ్ చేసి తీయండి.

ఎన్ని ఇళ్లు అంటే, మీరు చెప్పిన చోట 120 షెడ్లు ఉన్నాయి కాబట్టి ప్రతి మూడో షెడ్డు తీసుకుంటే 40 వస్తాయి. అయిదుగురికి అది సరిపోయే పని. షెడ్ల వరసలు చేత్తో మ్యాపు గీసుకుని, మొదటిది చీటీ తీసి, అక్కడి నుంచి మూడోది, మూడోది అని వెళ్లండి. తలుపు వేసి ఉంటే మళ్లీ ఇంకో రోజు వెళ్లండి, పక్కింటికి మారిపోకండి. పొద్దున్నే పనికి పోయేవాళ్లే తలుపు వేసి ఉంటారు. వాళ్లని వదిలేస్తే ఇంట్లో ఉండేవాళ్ల సంగతే తెలుస్తుంది.

భాష గురించి కూడా జాగ్రత్త. మీరు తెలుగువాళ్లు కావడం ఇక్కడ పెద్ద బలం. "మీది ఏ ఊరు" అని తెలుగులో అడగగానే మంచం వాల్చి కూర్చోబెడతారు. అందుకే విద్యార్థులు తెలియకుండానే తెలుగు ఇళ్లకే ఎక్కువ వెళ్తారు. అదే షెడ్లలో రాయచూరు, యాదగిరి నుంచి వచ్చిన కన్నడ వాళ్లు, హిందీ, బెంగాలీ మాట్లాడేవాళ్లు ఉంటారు. సంపుకి దూరంగా ఏ వరసలో ఎవరుంటున్నారన్నది చాలాసార్లు భాషని బట్టే ఉంటుంది. మీ క్లాసులో కన్నడ, హిందీ బాగా వచ్చిన స్నేహితుల్ని ఒక్కొక్కరిని కలుపుకోండి. కుదరకపోతే రిపోర్టు పేరులోనే "తెలుగు కుటుంబాలు" అని రాయండి.

ప్రశ్నలు పదిహేను మించొద్దు. "రోజుకి ఎన్ని లీటర్లు వాడతారు" అని అడిగితే ఎవరూ చెప్పలేరు, ఏదో ఒక అంకె చెప్తారు. ఎన్ని బిందెలు అని అడగండి. తర్వాత ఆ ఇంటి బిందెలో ఎన్ని లీటర్లు పడుతుందో లీటరు సీసాతో కొలవండి. తాగే నీళ్లు వేరే బిందెలో పెడతారా, మూత ఉందా, గ్లాసు ముంచి తీస్తారా, కాడ ఉన్న గరిటెతో తీస్తారా, ఇవి అడగక్కర్లేదు, చూసి రాసుకోండి. "తాగడానికి కొంచెం నీళ్లిస్తారా అక్కా" అంటే ఎలా ముంచి ఇస్తారో కనబడుతుంది. ఆ నీళ్లు తాగాలా వద్దా అన్నది మీ ఇష్టం, నమూనాకి పనికొస్తాయని కూడా వాళ్లకి చెప్పేయొచ్చు. ముందు అయిదు ఇళ్లలో ప్రశ్నపత్రం పరీక్షించి, తడబడ్డ ప్రశ్నలు మార్చాకే అసలు పని మొదలుపెట్టండి.

ఇక పరీక్షలు. ఇక్కడ అందరూ టీడీఎస్ మీటరు కొనుక్కుని వెళ్తారు. 90 చూపిస్తే మంచినీళ్లు, 900 చూపిస్తే చెడ్డ నీళ్లు అని రాసేస్తారు. ఆ మీటరు నీళ్లలో విద్యుత్ ఎంత సాగుతుందో చూసి, కరిగిన లవణాలు ఎంతో అంచనా వేస్తుంది, అంతే. క్రిములు దానికి కనబడవు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 2,000 దాకా అనుమతిస్తారు. అదే ప్రమాణం 100 మిల్లీలీటర్లలో ఈ-కోలై (మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా) ఒక్కటి కూడా ఉండకూడదంటుంది. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, దానికి సడలింపు లేదు. ఆర్‌ఓ (పొర గుండా వడకట్టి శుద్ధి చేసే) కేంద్రం నుంచి తెచ్చిన టీడీఎస్ 60 నీళ్లు చెయ్యి ముంచిన బిందెలో కలుషితమైనా మీటరు 60 అనే చూపిస్తుంది.

మీకు కావాల్సినవి మూడు. క్లోరిన్ కిట్టు ఒకటి. నీళ్లలో మిగిలిన క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, అక్కడికక్కడే చూడాలి, సీసాలో కాలేజీకి తెచ్చేలోపు తగ్గిపోతుంది. రెండోది హెచ్2ఎస్ సీసాలు. గీత దాకా నీళ్లు పోసి గది వేడిలో ఉంచితే 24 నుంచి 48 గంటల్లో నల్లబడితే మలకాలుష్యం అనుమానించాలి. అది అనుమానం మాత్రమే, రుజువు కాదు. నల్లబడ్డ సీసాల్లో బ్లీచింగ్ పోసి ఉంచాకే పారేయాలి. మూడోది, కొన్ని నమూనాలు గుర్తింపు ఉన్న ల్యాబుకి పంపి ఈ-కోలై, నైట్రేట్ చూపించడం. ల్యాబు ఇచ్చిన శుభ్రమైన సీసాలోనే పట్టాలి, ఐసు పెట్టెలో పెట్టి ఆ రోజే చేర్చాలి. కేంద్ర భూగర్భ జల మండలి నివేదికల్లో నైట్రేట్ సమస్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో కర్ణాటక ఒకటి, కాబట్టి బోరు నీళ్లయితే ఆ పరీక్ష వదలొద్దు.

ఒకే రోజు ట్యాంకరు పైపు దగ్గర, సంపులో, డ్రమ్ములో, బిందెలో నీళ్లు పట్టుకుంటేనే ఎక్కడ పాడవుతోందో తెలుస్తుంది. సోమవారం సంపు, గురువారం బిందె పడితే ఆ రెండూ వేర్వేరు ట్యాంకర్ల నీళ్లు కావచ్చు.

చెడ్డ ఫలితం వస్తే రిపోర్టు రాసేదాకా ఆగొద్దు. ఆ ఇంటికి ఆ రోజే చెప్పాలి. క్రిములైతే నీళ్లు బాగా తెర్లించి చల్లార్చి తాగమనండి. నైట్రేట్ అయితే కాచినా తగ్గదు, నీళ్లు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పసిపిల్లలకి పాలపొడి కలపడానికి ఆ నీళ్లు వాడొద్దని తల్లికి వివరంగా చెప్పాలి. అందుకే మొదటి వారంలోనే ఆ ప్రాంతం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరునీ, ఆశా కార్యకర్తనీ కలిసి మీ పని చెప్పి ఉంచండి. మీరు చెప్పిన మాటకి వెనక వాళ్లుండాలి. రక్త పరీక్షలు, మందులు పంచడం లాంటివి మీ పని కాదు.

సేవ దగ్గర, ఫిల్టర్లు పంచే ఆలోచన మానుకోండి. ఆర్‌ఓ మిషన్‌కి కరెంటు కావాలి, మెంబ్రేన్లు (వడపోత పొరలు) మార్చాలి, పోసిన నీళ్లలో పెద్ద భాగం వృథాగా పోతుంది. నీళ్లు కొనుక్కునే ఇంట్లో అది భారం. ఫలితం బిందె వైపు చూపిస్తే మూతలు, కాడ గరిటెలు ఇచ్చి, నల్లబడ్డ సీసా వాళ్ల కళ్ల ముందే పెట్టి మాట్లాడండి. సంపు వైపు చూపిస్తే కాంట్రాక్టరుతో కూర్చుని కడిగించే తేదీ రాయించుకోండి. సగం వరసలకి ముందు చేసి, మిగతా సగానికి రెండు వారాల తర్వాత చేయండి. ఆ రెండు వారాల చివర్లో రెండు వైపులా మళ్లీ పరీక్షిస్తే మీ సేవ వల్ల ఏమైనా మారిందో లేదో తెలుస్తుంది. అందరికీ అందుతుంది కాబట్టి ఎవరికీ అన్యాయం జరగదు. ప్రమాదం కనబడ్డ ఇంటిని మాత్రం ఈ వరస కోసం ఆపకండి.

కాలం సంగతి. రెండు వారాలు వినడం, మూడోది ప్రశ్నపత్రం సరిచేసుకోవడం, ఏడో వారం దాకా సర్వే, నమూనాలు, ఎనిమిదిలో ఫలితాలు ఇవ్వడం, తర్వాత రెండు విడతల సేవ, మళ్లీ పరీక్ష. పన్నెండో వారం రాత పనికి. ఆ ప్రాంతం ప్రభుత్వ బోర్ల నీటి పరీక్షల రిపోర్టులు కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు మొదటి వారమే వేయండి. ఫీజు పది రూపాయలు, జవాబుకి 30 రోజుల గడువు. ఎవరికి వేయాలో ముందు చూసుకోండి. 2025 సెప్టెంబరు నుంచి బీబీఎంపీ (పాత నగర పాలక సంస్థ) స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద అయిదు కార్పొరేషన్లు వచ్చాయి. మీ కాలేజీ ఉన్న మహదేవపుర వైపు ఈస్ట్ కార్పొరేషన్.

రిపోర్టు ఎలా రాయాలో మీ గైడ్ చెప్తారు. నేను అడిగేది దానికి ముందు ఇంకో కాగితం: ఒక్క పేజీ, తెలుగులో, కన్నడలో, పెద్ద అక్షరాలతో. ట్యాంకరు, సంపు, బిందె బొమ్మలు గీసి, ఎక్కడ ఎన్ని సీసాలు నల్లబడ్డాయో పక్కన అంకె. ఇంటి నంబర్లు ఉండకూడదు. ఒకటి కాంట్రాక్టరుకి, ఒకటి ఆరోగ్య కేంద్రానికి ఇచ్చి, ఒకటి ఆదివారం షెడ్ల మధ్య నిలబడి చదివి వినిపించండి. అక్కడ ఎవరైనా "మీరు రాసింది తప్పు, ఆ రోజు ట్యాంకరు రాలేదు, బోరు నీళ్లు పట్టాం" అంటే వెంటనే సరిదిద్దుకోండి.

ప్రశ్నపత్రం మొదటి ముసాయిదా అయ్యాక ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. నింపిన ఫారాలు మాత్రం పెట్టకండి.